విజయనగరంలో మీ షాపు కోసం ఎంతమంది వెతుకుతున్నారు? కీవర్డ్ లెక్క తేల్చుకునే పద్ధతి

"మీ కీవర్డ్‌ని నెలకు లక్షమంది వెతుకుతున్నారు సార్, మిమ్మల్ని మొదటి పేజీలోకి తెస్తాం" అని మీకు ఫోన్ వచ్చే ఉంటుంది. కీవర్డ్ అంటే జనం గూగుల్లో కొట్టే మాట. ఆ లక్ష అబద్ధం కాకపోవచ్చు. కానీ అది దేశం మొత్తానికి లెక్క. లూథియానాలో ఏసీ చెడిపోయినాయన వెతికింది కూడా అందులో కలిసే ఉంది. దాసన్నపేటలో షాపు పెట్టుకున్న మీకు దాంతో పనేముంది? మీ మెకానిక్ బండి వేసుకుని అరగంటలో చేరగలిగే ఇళ్ల నుంచి ఎంతమంది, ఏ మాటతో, ఏ నెలలో వెతుకుతున్నారన్నదే మీకు కావాలి.

కీవర్డ్ లెక్కలు చూపించే ఏ టూల్‌లోనూ అది తయారుగా ఉండదు. విజయనగరం సైజు ఊరికి టూల్స్ చూపించే అంకె చిన్నది, చాలా మాటలకు అసలు ఖాళీగానే వస్తుంది. అందుకని టూల్ నుంచి "ఏ మాట పెద్దది, ఏది చిన్నది" అనే వరస మాత్రం తీసుకోండి. అసలు సంఖ్యను మీ సొంత ఖాతాల నుంచి రాబట్టండి. ఏసీ రిపేర్ షాపును ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. మీది ఫంక్షన్ హాలైనా, పళ్ల క్లినిక్ అయినా, మగ్గం వర్క్ షాపైనా దారి ఇదే.

1. టూల్ తెరవకముందు మాటలు పోగు చేయండి

బోర్డు మీద "ఎయిర్ కండిషనింగ్ సొల్యూషన్స్" అని రాయించుకుంటాం. ఫోన్ చేసేవాళ్లు మాత్రం "ఏసీ కూలింగ్ రావట్లేదండి", "లోపల నీళ్లు కారుతున్నాయి", "గ్యాస్ ఎక్కించడానికి ఎంత?" అంటారు. కీవర్డ్‌లు ఉండేది అక్కడే. కొత్తగా ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "గూగుల్లో ఏటని కొట్టారండి?" అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే నోట్‌బుక్‌లో రాయండి. సరిదిద్దకండి. ఈ నోట్‌బుక్ తర్వాత మళ్లీ పనికొస్తుంది.

తర్వాత ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో విండో (మీ పాత వెతుకులాటలు గుర్తుంచుకోని విండో) తెరిచి "ఏసీ" అని కొట్టి ఆగండి. గూగుల్ కింద కొన్ని సూచనలు చూపిస్తుంది. "ఏసీ రిపేర్", "ఏసీ సర్వీస్", "ఏసీ గ్యాస్" అని ఒక్కో మాటా పెంచుతూ వెళ్లి, వచ్చినవన్నీ రాసుకోండి. ఈ సూచనలు జనం నిజంగా వెతికినవాటి నుంచే వస్తాయి, కాకపోతే ఎంతమంది వెతికారో చెప్పవు. ఒక్క జాగ్రత్త: ఫలితాల పేజీ అడుగున గూగుల్ మిమ్మల్ని ఏ ఊరివాళ్లుగా అనుకుంటోందో రాసి ఉంటుంది. మొబైల్ డేటాతో వెతికితే ఒక్కోసారి విశాఖపట్నమో హైదరాబాదో పడుతుంది. అప్పుడు లొకేషన్ ఆన్ చేసి మళ్లీ చూడాలి.

ఊరి పేరు దగ్గర మనకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో మన ఊరిని కొందరు జెడ్‌తో, కొందరు జె పెట్టి రాస్తారు. జె తో, చివరి "అం" లేకుండా కొడితే బెంగళూరులోని విజయనగర్, కర్ణాటకలోని విజయనగర జిల్లా వచ్చి కలుస్తాయి. తెలుగులో ఉత్త "విజయనగరం" అని కొడితే హంపి సామ్రాజ్యం గురించి చదువుకునే పిల్లలూ అందులోనే ఉంటారు. శ్రీకాకుళం వాళ్లకు ఈ బాధ తక్కువే అయినా, కృష్ణా జిల్లాలోనూ ఒక శ్రీకాకుళం ఉందని మర్చిపోకండి. కాబట్టి ఊరి పేరు ఒక్కదానికి ఎంత పెద్ద అంకె వచ్చినా పక్కన పెట్టేయండి. ఊరి పేరు, దాని పక్కన పని పేరు, రెండూ ఉన్న మాటే మీ లెక్కలోకి వస్తుంది.

2. కీవర్డ్ ప్లానర్‌లో వరస చూడండి

ఏ మాటను ఎంతమంది వెతుకుతున్నారో చూపించే కీవర్డ్ ప్లానర్, గూగుల్లో ప్రకటనలు పెట్టే గూగుల్ యాడ్స్ ఖాతాలో ఉంటుంది. ప్రకటనలకు ఖర్చు పెట్టకపోయినా ఖాతా తెరిచి వాడుకోవచ్చు. ఖాతా తెరిచేటప్పుడు అది మిమ్మల్ని ప్రకటన పెట్టే దారిలోకి లాగుతుంది. ప్రచారం (క్యాంపెయిన్) లేకుండా ఖాతా మాత్రమే తెరిచే ఆప్షన్ కనిపిస్తే దాన్నే పట్టుకోండి. లోపలికి వెళ్లాక "టూల్స్"లో ప్లానర్ కనిపిస్తుంది.

మాటలు వేసే ముందు రెండు మార్చాలి. ఒకటి లొకేషన్. ముందుగా ఉండే "ఇండియా"ను తీసేసి విజయనగరం అని టైప్ చేసి, ఆంధ్రప్రదేశ్ అని పక్కన ఉన్నదాన్నే ఎంచుకోండి. జిల్లా కంటే ఊరి పేరు ఎంచుకోవడమే మేలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి, పార్వతీపురం, సాలూరు వైపు మన్యం జిల్లాలోకి పోయాయి, రాజాం మనవైపు వచ్చింది. టూల్ ఏ గీతలు పట్టుకుని లెక్కేస్తోందో చూసుకునే తలనొప్పి మనకెందుకు? బొబ్బిలి, చీపురుపల్లి, ఎస్.కోట మీకు ముఖ్యమైతే వాటినీ విడిగా వేసి చూడండి. రెండోది భాష. ఇంగ్లిష్ ఒక్కటే ఉంచితే తెలుగు లిపిలో వెతికేవాళ్లు, తెలుగులో మాట్లాడి వెతికేవాళ్లు తప్పిపోవచ్చు. అన్ని భాషలూ పెట్టండి.

ఇప్పుడు చాలామంది జారిపోయే చోటు. "ఏసీ రిపేర్ విజయనగరం" అని వేసి, అంకె పది దాటలేదని నిరాశపడతారు. ఇంట్లో కూర్చుని చెమటలు కక్కుతున్న మనిషి తన ఊరి పేరు ఎందుకు కొడతాడు? "ఏసీ రిపేర్" అనో, "ఏసీ రిపేర్ నియర్ మీ" అనో కొట్టి వదిలేస్తాడు. ఊరేదో ఫోనే చెబుతుంది, గూగుల్ దగ్గరి షాపుల్ని మ్యాప్‌తో సహా చూపిస్తుంది. కాబట్టి లొకేషన్ విజయనగరం పెట్టి, మాట ఊరి పేరు లేకుండా వేయండి. అసలు గిరాకీ అక్కడుంది. ఊరి పేరుతో వెతికేది ఎక్కువగా బయటివాళ్లు: హైదరాబాద్‌లో ఉండి ఇక్కడి అమ్మానాన్నల ఇంటి ఏసీ బాగు చేయించాలనుకునే కొడుకు, పెళ్లికి హాలు చూస్తున్న బెంగళూరు ఉద్యోగి. వాళ్ల లెక్క కావాలంటే ఊరి పేరున్న మాటను దేశం మొత్తం లొకేషన్‌తో విడిగా చూడాలి.

వచ్చిన పట్టికను ఎలా చదవాలంటే:

ప్రకటనలకు ఖర్చు పెట్టని ఖాతాకు అంకె రాదు, పరిధి వస్తుంది: 10 నుంచి 100, 100 నుంచి 1,000 అలా. 110 మంది వెతికిన మాటా, 900 మంది వెతికిన మాటా ఒకే గదిలో కూర్చుంటాయి. కాబట్టి ఒకే పరిధిలో ఉన్న రెండు మాటల్లో ఏది పెద్దదో ఇక్కడ తేలదు.

దగ్గరి రూపాల్ని ప్లానర్ ఒకటిగా కలిపేస్తుంది. ఏకవచనం, బహువచనం, స్పెల్లింగ్ తేడాలు ఉన్న మాటలు వేస్తే అన్నిటికీ అదే అంకె రావచ్చు. ఆ అంకెలన్నీ కూడేసి "మొత్తం ఇంతమంది" అనుకుంటే ఒకే మనిషిని నాలుగుసార్లు లెక్కపెట్టినట్టే.

"కాంపిటీషన్" అన్న గడి ప్రకటనల పోటీ గురించి. మామూలు ఫలితాల్లో, మ్యాప్‌లో మీకు ఎంత పోటీ ఉందో అది చెప్పదు. పోటీ చూడాలంటే ఆ మాటను కోట దగ్గర ఒకసారి, కంటోన్మెంట్‌లో ఒకసారి, రింగ్ రోడ్డులో ఒకసారి వెతికి, మ్యాప్ కింద ఎవరెవరు వస్తున్నారో చూడండి. దూరం బట్టి వరస మారిపోతుంది.

పట్టికలో పెద్దగా కనిపించే కొన్ని మాటలు మీవి కావు. ఏదైనా పెద్ద కంపెనీ పేరుతో "సర్వీస్ సెంటర్ నంబర్" అని వెతికేవాడికి ఆ కంపెనీయే కావాలి. "ఏసీ మెకానిక్ కోర్స్", "ఏసీ మెకానిక్ జాబ్స్" అన్నవాళ్లు మీ దగ్గర పని నేర్చుకోవడానికి రావచ్చేమో గాని పని ఇవ్వడానికి రారు. మాట ఎంత పెద్దదైనా కొట్టేయండి.

క్లినిక్‌లు, నగల షాపులు, పెళ్లి పట్టుచీరల షాపుల వాళ్లు ఇంకోటి కూడా చూడాలి. విశాఖ మనకు 60 కిలోమీటర్ల దూరమే. "వైజాగ్‌లో మంచి డెంటిస్ట్" అని విజయనగరంలో కూర్చుని వెతికేవాళ్లున్నారు. లొకేషన్ విజయనగరం ఉంచి, మాటలో వైజాగ్ పెట్టి చూడండి. అక్కడ అంకె కనబడిందంటే ఊరు దాటిపోతున్న గిరాకీ అది. వాళ్లకు మీ ఊళ్లోనే ఆ పని అవుతుందని తెలియకపోవచ్చు, లేదా తెలిసీ నమ్మకం లేకపోవచ్చు. రెండోదైతే కీవర్డ్‌తో తీరే సమస్య కాదు, రివ్యూలతో తీరాలి.

3. ఖాళీ వస్తే రాష్ట్రం నుంచి కిందికి దిగండి

చాలా మాటలకు మన ఊరి లొకేషన్‌లో గీతో సున్నానో వస్తుంది. ఎవరూ వెతకట్లేదని అర్థం కాదు, చూపించేటంత లెక్క లేదని అర్థం. అప్పుడు లొకేషన్ ఆంధ్రప్రదేశ్ పెట్టి, వచ్చినదాంట్లో మన వాటా వేసుకోండి.

2011 జనాభా లెక్కల్లో విజయనగరం పట్టణం సుమారు 2.28 లక్షలు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ పరిధిలో అప్పుడు సుమారు 4.96 కోట్లు, అందులో పట్టణాల్లో ఉన్నది సుమారు 1.46 కోట్లు. అంటే రాష్ట్రం మొత్తంలో మన ఊరు అర శాతానికి కాస్త తక్కువ, పట్టణ జనాభాలో సుమారు ఒకటిన్నర శాతం. రాష్ట్రంలో ఒక మాటను నెలకు 10,000 సార్లు వెతుకుతున్నారనుకుంటే మన ఊరి వాటా 46కి, 156కి మధ్య ఎక్కడో ఉంటుంది. ఏసీ లాంటి పట్నం వస్తువుకు పై అంకె వైపు, బోరు మోటారు లాంటిదానికి కింది అంకె వైపు మొగ్గండి. జనాభా అప్పటికీ ఇప్పటికీ మారింది, కానీ మనకు కావాల్సింది వాటాయే కాబట్టి అంచనాకు ఇది చాలు.

డబ్బు కట్టి వాడే టూల్స్ కొనాలా అని అడుగుతుంటారు. మన సైజు ఊరికి అక్కర్లేదంటాను. వాటి అంకెలు కూడా అంచనాలే, ఎక్కువగా దేశం స్థాయివి.

4. సగటును నమ్మకండి, నెల చూడండి

ప్లానర్ చూపించేది పన్నెండు నెలల సగటు. ఏసీ రిపేర్‌ను ఏప్రిల్, మేలలో నెలకు 300 మంది, మిగతా పది నెలల్లో నెలకు 30 మంది వెతికారనుకోండి. సగటు 75. ఏ నెలలోనూ 75 మంది వెతకలేదు! ఆ 75ను చూసి మనిషిని పెట్టుకుంటే వేసవిలో చాలడు, వానాకాలంలో ఖాళీగా కూర్చుంటాడు.

నెలల ఆకారం చూడడానికి గూగుల్ ట్రెండ్స్ వాడండి. అందులో 100 అంటే వందమంది కాదు. మీరు ఎంచుకున్న కాలంలో ఆ మాట అత్యధికంగా ఉన్న స్థానానికి 100 ఇచ్చి, మిగతావాటిని దాంతో పోల్చి చూపిస్తుంది. ప్రాంతం ఆంధ్రప్రదేశ్, కాలం అయిదేళ్లు పెట్టండి. ఊరి స్థాయికి దిగితే గీత తెగిపోతుంది కాబట్టి రాష్ట్రంతోనే సరిపెట్టుకోండి. ఎండలు ఊరూరికీ ఒకేలా లేకపోయినా ఎక్కే నెల, దిగే నెల తెలుస్తాయి. గీత లేవడం మొదలుపెట్టిన నెలకు ఒకటి రెండు నెలల ముందే మీ పేజీ, ఫొటోలు, రేట్లు సిద్ధంగా ఉండాలి.

పెళ్లిళ్ల మీద బతికే వ్యాపారాలకు ఇంగ్లిష్ నెలలు మోసం చేస్తాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే ఫంక్షన్ హాళ్లు, మగ్గం వర్క్, కేటరింగ్ వెతుకులాట తీరే మారిపోతుంది. పైగా హాలు వెతికేది ముహూర్తం రోజున కాదు, లగ్నం పెట్టుకున్న వారంలో. అధిక మాసం వచ్చిన ఏడాది ఇంకా తికమక: 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం. ప్లానర్‌లో "గత ఏడాదితో పోలిస్తే" అనే గడి ఉంటుంది. అలాంటి ఏడాదిని దాని ముందు ఏడాదితో పోల్చి "మనకు గిరాకీ పడిపోయింది" అని టెన్షన్ పడకండి. క్యాలెండర్ పక్కన పంచాంగం పెట్టుకుని చదవండి.

లాడ్జిల వాళ్లకు దసరా తర్వాత మంగళవారం సిరిమానోత్సవం ఉండనే ఉంది. ఆ రోజుల్లో గదుల కోసం వచ్చే వెతుకులాటను మామూలు నెలల లెక్కలో కలపకుండా విడిగా రాసుకోండి.

5. మీ బిజినెస్ ప్రొఫైల్ చెప్పేది వినండి

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన లెక్క ఇదే, డబ్బు ఖర్చు లేనిదీ ఇదే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (సెర్చ్‌లో, మ్యాప్‌లో మీ షాపు వివరాలు చూపించే ఖాతాలో) "పెర్ఫార్మెన్స్" తెరిస్తే, జనం ఏయే మాటలు కొట్టినప్పుడు మీ షాపు కనబడిందో, ఒక్కోదానికీ ఎంతమందో నెలవారీగా ఉంటుంది. చాలా చిన్న అంకెలకు 15 కంటే తక్కువ అన్న గుర్తు మాత్రం పెడుతుంది. మ్యాప్స్‌లో ఎంతమంది చూశారు, సెర్చ్‌లో ఎంతమంది చూశారు, ఎంతమంది కాల్ నొక్కారు, ఎంతమంది దారి అడిగారు అన్నవీ పక్కనే ఉంటాయి.

దీన్ని ప్రతి నెలా మొదటి వారంలో ఒక షీట్‌లోకి ఎక్కించండి. పాత నెలలు ఎప్పటికీ అక్కడే ఉంటాయనుకోవద్దు.

చదివేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: మీరు కనబడిన వెతుకులాటలే ఇందులో ఉంటాయి. మీ షాపు తోటపాలెంలో ఉంటే, బాలాజీ నగర్‌లో వెతికినవాడికి మీరు కనబడకపోతే, వాడు ఈ లెక్కలో లేడు. కాబట్టి ఈ అంకె ఊరి గిరాకీ కాదు, దాని అడుగు మట్టం. ఊరి గిరాకీ సాధారణంగా ఇంతకంటే తక్కువ ఉండదు. ప్లానర్‌లో ఖాళీ వచ్చిన మాట ఇక్కడ 40 చూపిస్తే, ప్లానర్‌ను పక్కనబెట్టి దీన్నే నమ్మండి.

వెబ్‌సైటు ఉంటే, ఏ మాటలకు మీ సైటు గూగుల్లో కనబడిందో చూపించే సెర్చ్ కన్సోల్ కూడా చూడండి. 16 నెలల వరకు లెక్క ఉంటుంది. అరుదైన మాటల్ని గోప్యత కోసం దాచేస్తుంది కాబట్టి విడివిడి మాటల మొత్తం పైనున్న మొత్తానికి సరిపోదు. కంగారు పడక్కర్లేదు.

6. అనుమానం తీరకపోతే చిన్న ప్రకటనతో కొలవండి

రెండు మాటల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే, పోగొట్టుకున్నా ఫర్వాలేదనుకునేంత డబ్బుతో రెండు వారాలు ప్రకటన నడపండి. ఇక్కడ ఉద్దేశం కస్టమర్లు కాదు, కొలత. మాటను "ఎగ్జాక్ట్ మ్యాచ్"లో (ఆ మాటకు, అదే అర్థమున్న మాటలకు మాత్రమే ప్రకటన చూపించే పద్ధతిలో) పెట్టండి. లొకేషన్‌లో ఊరి చుట్టూ పది కిలోమీటర్లు గీసి, అక్కడ ఉన్నవాళ్లకే చూపించే ఆప్షన్ ఎంచుకోండి. ముందుగా పెట్టి ఉండే ఆప్షన్‌లో ఆ ఊరిమీద ఆసక్తి చూపిన బయటివాళ్లూ కలుస్తారు, మీ కొలత చెడుతుంది.

రెండు వారాల తర్వాత ఇంప్రెషన్లు (ప్రకటన ఎన్నిసార్లు కనబడింది), సెర్చ్ ఇంప్రెషన్ షేర్ (కనబడగలిగిన సందర్భాల్లో ఎంత శాతం కనబడింది) అనే రెండు గడులు చూడండి. 90 ఇంప్రెషన్లు, షేర్ 60 శాతం అని వస్తే, 90ని 0.6తో భాగించండి: 150. మీ ప్రకటన కనబడే అవకాశం ఉన్న సందర్భాలు రెండు వారాల్లో సుమారు 150 అన్నమాట, నెలకు మూడొందల పైచిలుకు. ఇంత దగ్గరి అంచనా మరే టూలూ ఇవ్వదు. "సెర్చ్ టర్మ్స్" రిపోర్టులో జనం నిజంగా కొట్టిన మాటలు కూడా కనబడతాయి. అవి మీ నోట్‌బుక్‌లోకి.

7. అంకెను రూపాయల్లోకి మార్చండి

ఇక్కడ పెట్టే అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. "ఏసీ రిపేర్"ను ఊళ్లో నెలకు 120 సార్లు వెతుకుతున్నారనుకుందాం. పదిమందిలో ఒకరు మీకు ఫోన్ చేస్తే 12 ఫోన్లు. సగం పనిగా మారితే 6. ఒక్కోదాని మీద ఖర్చులు పోను 400 మిగిలితే 2,400. ఇప్పుడు "ఏసీ ఏఎంసీ" (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) అనే మాట చూడండి. నెలకు పదిమంది కూడా వెతక్కపోవచ్చు. వెతికేది మాత్రం నర్సింగ్ హోమ్ మేనేజరో, లాడ్జి ఓనరో. పదిహేను ఏసీల కాంట్రాక్టు ఏడాదికి ఒక్కటి దొరికినా, ఏసీకి వెయ్యి మిగిలితే 15,000. నెలకు 1,250 పడింది. ఒక్క మంచి పేజీ, నాలుగు ఫొటోల శ్రమకు అది తక్కువేం కాదు, పోటీ కూడా దాదాపు ఉండదు. చిన్న అంకె వచ్చిందని మాటను తీసిపారేసే ముందు ఈ గుణకారం ఒకసారి చేయండి.

8. తేల్చుకున్న మాటల్ని ఎక్కడ పెట్టాలి

అగ్రస్థానంలో ఉన్న మాటకు సరిపోయే కేటగిరీని ప్రొఫైల్‌లో ప్రధాన కేటగిరీగా పెట్టండి. మిగతావి సర్వీసుల జాబితాలో, వెబ్‌సైటు ఉంటే ఒక్కో పనికి ఒక్కో పేజీలో. షాపు పేరులో మాత్రం కీవర్డ్‌లు కూరకండి. బోర్డు మీద లేని మాటల్ని పేరుకు తగిలించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైలే ఆగిపోవచ్చు. "నియర్ మీ" అని పేజీ నిండా రాయడం కూడా దండగ. గూగుల్ చూసేది దూరం, మీ వివరాలు ఆ వెతుకులాటకు ఎంత సరిపోతాయి, మీకెంత పేరుంది అన్నవే.

మూడు నెలలకోసారి ప్రొఫైల్ లెక్కను, ఫోన్ల నోట్‌బుక్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. ప్రొఫైల్‌లో ఒక మాటకు అంకె పెరుగుతూ, ఆ మాట చెప్పి ఫోన్ చేసినవాళ్లు పెరగకపోతే, ముందు మీ ఫొటోలు, రివ్యూలు, ఫోన్ ఎత్తే టైము చూసుకోండి. కొత్త కీవర్డ్ వేట ఆ తర్వాత.